చుక్కల డాక్టరు

ఆ పనిముట్టు చూడ్డానికి ఏమంత గొప్పగా ఉండదు. జానెడు ఇనుప కడ్డీ, దాని నెత్తిన అడ్డంగా చిన్న పిడి, నడుమున మరలు చుట్టిన దిమ్మ, అడుగున పళ్ల చక్రం. ఏ హార్డ్‌వేరు దుకాణంలో అడిగినా కింది అరలోంచి తీసి, దుమ్ము దులిపి ఇస్తారు. బేరమాడాలని కూడా అనిపించనంత చవక. దాన్ని సీటు కట్టరంటారు.

కుళాయి లోపల, నీళ్లు పైకొచ్చే కన్నం చుట్టూ, సన్నటి ఇత్తడి గట్టు ఉంటుంది. అదే సీటు. మనం కుళాయి కట్టేసినప్పుడు వాషరు వెళ్లి ఆ గట్టు మీద కూర్చుంటుంది. ఏళ్ల తరబడి నీళ్లు కోసీ కోసీ గట్టు గుంటలు పడితే, వాషరు ఎంత కొత్తదైనా ఎక్కడో సందు మిగిలి చుక్క రాలుతూనే ఉంటుంది. అప్పుడు కుళాయి తల విప్పి, కట్టరు లోపలికి దింపి, పిడి పట్టుకుని నెమ్మదిగా తిప్పాలి. ఇత్తడి పొట్టులా రాలి గట్టు చదునవుతుంది. కొత్త కుళాయి కొనక్కర్లేదు. చిక్కల్లా ఒక్కటే. ఎక్కువ కోస్తే, కోసిన ఇత్తడిని మళ్లీ అతికించలేం.

ఈ కట్టరు తిప్పిన డబ్బుతోనే పెద్దాయన తన కూతుర్ని చదివించాడు. ఆ ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషి ఆమే. ఇప్పుడు నర్సుల హాస్టల్ ఆఫీసులో ఉద్యోగం చేస్తోంది. భార్య పోయాక ఆయన కూతురింటికి వచ్చేశాడు. అల్లుడిదీ ప్లంబింగ్ పనే కానీ వేరే రకం. కొత్తగా కట్టే మేడల్లో గోడలోపలి పైపులు, వేన్నీళ్లూ చన్నీళ్లూ కలిపే నిగనిగలాడే మిక్సర్లు, షవర్లు బిగిస్తాడు. అతని దృష్టిలో పాత కుళాయిని బాగుచేయడమంటే దాన్ని పీకి కొత్తది పెట్టడమే. మామా అల్లుళ్లకు పడకపోవడమేమీ లేదు. ఒకరంటే ఒకరికి మర్యాద ఎక్కువ. ఎంత మర్యాదంటే, ఒకరి పని గురించి ఇంకొకరు ఏనాడూ ఒక్క ప్రశ్న కూడా వేయలేదు.

కొంతకాలంగా పెద్దాయన్ని పనికి పిలిచేవాళ్లు లేరు. వెనక గదిలో కూర్చుని కట్టరుకు నూనె రాయడం, తుడవడం, మళ్లీ రాయడం. కూతురు ఆఫీసు నుంచి రాగానే "మీ హాస్టల్లో కుళాయిలెలా ఉన్నాయమ్మా?" అని అడిగేవాడు, బంధువుల బాగోగులు అడిగినట్టు.

నిజానికి వాటి బాగోగులు ఏమంత బాగాలేవు. హాస్టల్ పాత కట్టడం. ప్రతి గదిలో ఒక వాష్‌బేసిను, దానికి బరువైన ఇత్తడి కుళాయి. అన్నీ కారుతున్నాయి. డ్యూటీ దిగి వచ్చే నర్సులకు స్నానానికి నీళ్లుండటం లేదు. చుక్కాచుక్కా కారి ట్యాంకు అప్పటికే ఖాళీ.

"అన్నీ పీకించేసి కొత్తవి వేయిద్దాం" అంది వార్డెన్.

"ఒక్కసారి మా నాన్నకి చూపిద్దాం మేడమ్. మంచి ఇత్తడి అది. సీటు కోస్తే మన తర్వాత వచ్చేవాళ్లు కూడా వాడుకోవచ్చు."

"ఆయనకి ఇంకా పని చేసే ఓపికుందా?"

"పని లేకపోతేనే ఆయనకి ఓపికుండదు మేడమ్."

వార్డెన్ నవ్వి సరేనంది.

పెద్దాయన మర్నాడే దిగాడు, ఉతికిన చొక్కా తొడుక్కుని, భుజాన సంచితో. రోజుకు కొన్ని గదుల చొప్పున పొద్దుటే మొదలుపెట్టి భోజనాల వేళకు ఇంటికొచ్చేసేవాడు. తిని కాసేపు పడుకునేవాడు. పని చేస్తున్నంతసేపూ మాట్లాడేవాడు కాదు. మాట్లాడటానికి వీల్లేదు కూడా. ఆయన వాషర్లు దుకాణంలో కొనేవి కావు, పాత తోలు పట్టీలోంచి గుండ్రంగా కత్తిరించుకునేవి. కుళాయికి పెట్టబోయే వాషరు ఎప్పుడూ ఆయన బుగ్గలో ఉండేది.

"తాత నోట్లో ఏముందే?" అని ఒక నర్సు.

"వాషరు."

"ఛీ!"

"ఛీ ఏముంది? మనం జనాల నోట్లో థర్మామీటరు పెట్టట్లేదూ?"

పెద్దాయన బుగ్గలో వాషరు అటు జరిపి, భుజాలు కదిలేలా నవ్వాడు. చుక్కల డాక్టరని ఆయనకు పేరు పెట్టింది ఆ నర్సులే. ఆ పేరు వంటింటి దాకా పాకింది.

"డాక్టరుగారూ, మా కుళాయికి ముక్కు కారుతోంది. కాస్త మందేసి పొండి" అని వంటావిడ కేక.

"ఊఁ" అన్నాడాయన.

"ఊఁ అంటే ఇవాళా రేపా? మీ డాక్టర్లంతా ఇంతే, నోరు విప్పి చెప్పరు."

ఆ రోజు చివరగా వంటింటి కుళాయి చేశాడు. మర్నాడు పొద్దున్నే వంటావిడ ఆఫీసు గుమ్మంలో నిలబడింది.

"అమ్మాయ్, ముక్కు కారడం తగ్గించమంటే మీ నాన్న నీళ్ల విరేచనాలు పట్టించారు. వచ్చి చూడు."

కూతురు వెళ్లి చూసింది. చుక్కలు కావు, దారంలా ధార పడుతోంది. ఈ మధ్య నాన్న టీ కప్పు పట్టుకుంటే సాసరు మీద టకటకమని చప్పుడవడం ఆమె వింటూనే ఉంది. విననట్టు ఉంటోంది. తండ్రి ఇంకా ఇంటి దగ్గరే ఉన్నాడు, ఆయనకు కబురు చేయలేదు. భర్తకు ఫోను చేసింది.

అతను తల విప్పి టార్చి వేసి చాలాసేపు చూశాడు.

"ఒకవైపుకి వాలిపోయింది. కట్టరు నిటారుగా దిగలేదు. చెయ్యి ఒరిగినట్టుంది."

"బాగవుతుందా?"

"ఇంకొంచెం కోసి చదును చేస్తే అవుతుంది. కానీ మావయ్యగారికి చెప్పాలి."

"వద్దండీ. చెప్పకండి."

"చెప్పకపోతే ఎలా? రేపు ఇంకోటి ఇలాగే అవుతుంది."

"అందుకే అంటున్నాను. ఆయన చేసినవి మీరు వెనకాలే ఒకసారి చూసుకోండి. మధ్యాహ్నం ఆయన పడుకుంటారుగా, ఆ టైములో రండి. నర్సులూ డ్యూటీలో ఉంటారు, గదుల తాళంచెవులు నా దగ్గరే ఉంటాయి."

"దొంగలా రమ్మంటావా?"

"దొంగతనమేముంది, మన నాన్నే కదా! మళ్లీ మనిషిలా కనబడుతున్నాడండీ. అన్నం కూడా ఇంకాస్త వడ్డించమని అడుగుతున్నాడు. ఈ ఒక్కదాని కోసం ఆయన్ని ఎందుకు చిన్నబుచ్చడం?"

అతను టార్చి ఆర్పి జేబులో పెట్టుకున్నాడు. పెళ్లైనప్పటి నుంచి మావగారి విషయంలో భార్య చెప్పినట్టే నడుచుకుంటున్నాడు.

ఆ కుళాయి సంగతి ఆరోజే తండ్రితో అనేసి ఉంటే ఏమయ్యేదని ఆమె తర్వాత ఎన్నోసార్లు అనుకుంది. ఏమీ అయ్యేది కాదు. ఒక పూట ముభావంగా ఉండేవాడు. "వయసైపోయింది తల్లీ" అని నాలుగుసార్లు అనేవాడు. తర్వాత కళ్లజోడు తుడుచుకుని వెళ్లి, ఆ ఒక్కటీ సరిచేసుకుని వచ్చేవాడు.

అల్లుడు తన కోసం వేరే కట్టరు కొన్నాడు. మావగారిది అడగడానికి వీల్లేదు కదా. మధ్యాహ్నాలు రావడం మొదలుపెట్టాడు. పొద్దున చేసిన కుళాయిల్లో సగానికి పైగా ఇంకా చుక్క రాలుస్తూనే ఉండేవి. విప్పి చూస్తే సీటు శుభ్రంగానే కనబడేది, కానీ కారుతోంది కదా! కళ్లముందు కారుతున్నదాన్ని కాదనుకోవడమెలా? కోత చాల్లేదనుకున్నాడు. కొత్త కట్టరు, పదునైన పళ్లు, వయసులో ఉన్న భుజం. నాలుగు తిప్పులు తిప్పి, ఆ తోలు వాషరునే మళ్లీ పెట్టి బిగించేవాడు. మర్నాటికి చుక్క ఉండేది కాదు.

"చూశావా, ఆగింది" అనేవాడు భార్యతో.

"మీరు లేకపోతే నాన్న పరువు ఏమయ్యేదో" అనేదామె.

పెద్దాయన మర్నాడు పని మొదలుపెట్టే ముందు, క్రితం రోజు చేసిన గదులన్నీ ఒక చుట్టు తిరిగి వచ్చేవాడు. కుళాయి మూతి కింద అరచెయ్యి పెట్టి, కాసేపు అలాగే నిలబడేవాడు. చెయ్యి తడవకపోతే ఆ చేతిని చొక్కాకు తుడుచుకునేవాడు, తడి ఉన్నట్టే. ఆయన మొహం చూసి వార్డెన్ కూడా గుమ్మంలో ఆగి, "ట్యాంకు సాయంత్రం దాకా వస్తోంది పెద్దాయనా, మీ చలవే" అంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయన కూతురితో, "చెయ్యి ఇంకా పోలేదమ్మా. పోయిందేమోనని లోపల్లోపల భయపడ్డాను" అన్నాడు.

"మీ చేతికేం నాన్నా" అందామె.

అల్లుడు కంచంలోంచి తల ఎత్తలేదు.

పని పూర్తయింది. కొన్ని వారాలు అంతా సాఫీగా గడిచింది. పెద్దాయన వేరే చోట్ల కూడా పని చూసుకోవాలని సంచికి కొత్త పట్టీ కుట్టించుకున్నాడు.

తర్వాత ఒక ఉదయం హాస్టల్లో నీళ్లు లేవు. ట్యాంకు అడుగంటింది. మళ్లీ నింపితే, నింపినవి నింపినట్టే పోయాయి. గది తర్వాత గదిలో కుళాయిలు కట్టేసినా ఆగడం లేదు. చుక్కలు పోయి ధారలే. పిడి ఎంత తిప్పినా చివరికంటా దిగి ఆగిపోతోంది, నీళ్లు మాత్రం ఆగవు. వార్డెన్ కబురు చేస్తే పెద్దాయన గబగబా వచ్చాడు. వెనకాలే అల్లుడూ వచ్చాడు. కూతురు ఆఫీసులోంచి పరిగెత్తింది.

ఆయన మొదటి గదిలో కుళాయి తల విప్పాడు. టార్చి వేశాడు. చిటికెనవేలు లోపలికి పెట్టి తడిమాడు. గట్టు తగలాల్సిన చోట వేలు జారిపోయింది. ఇంకో గదిలో విప్పాడు. ఇంకో గదిలో. గట్టు దాదాపు లేదు. వాషరును కిందికి నొక్కే కడ్డీ, అదే స్పిండిల్, దిగడానికి ఉన్న మరలన్నీ అయిపోయాక కూడా వాషరు ఇత్తడిని అందుకోవడం లేదు. కొత్తల్లో తోలు మందంగా ఉన్నన్నాళ్లు ఎలాగో అందింది. అది కాస్త అణిగేసరికి చాలకుండా పోయింది.

బుగ్గలో ఉన్న వాషరు తీసి చేతిలో పట్టుకున్నాడాయన.

"ఇంత కోశానా నేను?"

ఎవరినీ అడిగిన మాట కాదది. తన కుడిచేతిని తిప్పి చూసుకున్నాడు, ఎవరిదో ఇంట్లో వదిలేసి వెళ్లిన వస్తువును చూసినట్టు.

అల్లుడి పెదవులు కదిలాయి. భార్య వైపు చూశాడు. ఆమె వార్డెన్ వైపు చూసింది. వార్డెన్ ముందా? ఇంతమంది నర్సుల ముందా? ఇంటికెళ్లాక చెబుదామనుకుంది. ఆ మాట ఆమె కళ్లలో చదువుకుని అతనూ తల దించుకున్నాడు.

"మీ ఇత్తడంతా పాడుచేశాను తల్లీ" అన్నాడు పెద్దాయన వార్డెన్‌తో.

"అయ్యో, అంత మాటెందుకు? ఎలాగూ పాతవేగా. కొత్తవి వేయించుకుంటాం లెండి" అందావిడ. మంచి మనసుతోనే అంది.

ఇంటికెళ్లాక కూడా చెప్పలేదు. చెప్పాలంటే రెండు మాటలు చెప్పాలి. కోసింది మేమని ఒకటి, నీ చేతిని నమ్మలేదని రెండోది. రెండోది చెప్పకుండా మొదటిది చెప్పే దారి వాళ్లకు దొరకలేదు. అంచేత కూతురు తేలిగ్గా ఉంటుందని వేరే మాట చెప్పింది.

"అక్కడి నీళ్లలో ఉప్పెక్కువట నాన్నా. ఇత్తడిని తినేస్తుందట."

"ఇన్నేళ్లూ తాగిన నీళ్లే కదమ్మా అవి. ఇప్పుడే తినేసిందా?"

మర్నాడు అల్లుడు తన వంతు ప్రయత్నం చేశాడు. "ఆ ఇత్తడి కల్తీదై ఉంటుంది మావయ్యగారూ. మెత్తగా ఉండి ఎక్కువ కోసుకుంది."

"కల్తీదైతే పొట్టు నల్లగా వస్తుంది బాబూ. ఇది పసుపుముద్దలా వచ్చింది. చూశానుగా." ఆయన చిన్నగా నవ్వాడు. "మీరిద్దరూ నా కోసం పాపం చాలా కష్టపడుతున్నారు."

కట్టరును పాత తువ్వాల్లో చుట్టి అల్లుడి చేతికిచ్చాడు. "నీ దగ్గరుండనీ. నాకింక దాంతో పనిలేదు."

అక్కడితో ఆగినా బాగుండేది. ఆ చేతిని ఆయన దేనికీ నమ్మడం మానేశాడు. టీ తనే కాచుకునే మనిషి, పొయ్యి దగ్గరికి రావడం లేదు. ఊడిన గుండీ కుట్టుకునే మనిషి, చొక్కా తెచ్చి కూతురి ఒళ్లో పెడుతున్నాడు. గడ్డం గీసుకోవడం మానేసి మంగలి దగ్గరికి వెళ్తున్నాడు. "తెగుతుందేమోనమ్మా" అంటాడు. ఆ చెయ్యి ఒకప్పుడు కొంచెమే వణికేది. ఇప్పుడు ఒళ్లో పెట్టుకుని, రెండో చేత్తో దాన్ని పట్టుకుని కూర్చుంటున్నాడు.

ఇవాళ చెబుదాం, ఆదివారం చెబుదాం అని వాళ్లు అనుకుంటూ ఉండగానే హాస్టల్లో కొత్త కుళాయిలు బిగించేశారు. పాతవన్నీ గోనెసంచుల్లోకి ఎత్తి పాత సామాన్లవాడి బండిలో వేశారు. బండి గేటు దాటుతుంటే కూతురు ఆఫీసు కిటికీలోంచి చూసింది. ఆ సంచుల్లో ఒక్క కుళాయి విప్పి చూసినా, ఒక కోత మీద ఇంకో కోత కనబడేదని, తండ్రి చెయ్యేదో భర్త చెయ్యేదో పళ్ల గీతల్లో తెలిసిపోయేదని ఆమెకు అప్పుడు తట్టలేదు. తట్టేసరికి అవి కరిగిపోయి ఉంటాయి.

కొన్నాళ్లకు ఒక నర్సు సెలవు ముగించుకుని తిరిగొచ్చింది. రెండో అంతస్తులో చివరి గది ఆవిడది. వెళ్తూ తాళంచెవి వెంట తీసుకుపోవడంతో ఆ ఒక్క గదిలో కుళాయి మార్చలేదు. వచ్చీ రాగానే ఆఫీసుకొచ్చింది.

"అక్కా, నా గదిలో కూడా ఆ రేకు కుళాయి పెట్టేస్తారా ఏంటి? వద్దు తల్లీ. నాది బంగారంలా ఉంది."

"కారట్లేదా?"

"చుక్క లేదు. తాత చేసిన కొత్తల్లో ఒకట్రెండు రోజులు కారింది. మగ్గు పెట్టుకున్నాను. తర్వాత దానంతటదే ఆగిపోయింది."

కూతురి చేతిలో కలం ఆగింది. "దానంతటదే అంటే? ఎవరూ వచ్చి చేయలేదా?"

"ఎవరొస్తారు? అప్పుడు నాది నైట్ డ్యూటీ కదా, పగలంతా లోపల గడియ పెట్టుకుని పడుకునేదాన్ని. ఎవరో ఒకసారి తలుపు తట్టినట్టుంది. తిట్టి పంపేశాను."

తిట్లు తిని వెనక్కి వచ్చింది తన భర్తేనని ఆమెకు తెలుసు. ఆ గది వదిలేశానని అతనే చెప్పాడు.

ఆ సాయంత్రం, ఆమె చెప్పింది విన్న అల్లుడు మావగారి డబ్బాలోంచి ఒక తోలు వాషరు తీసి గ్లాసు నీళ్లలో వేశాడు. పొద్దున చూస్తే అది మెత్తబడి, ఉబ్బి, ఎండుదాని పక్కన పెడితే తమ్ముడి పక్కన అన్నలా ఉంది. అతను రెండింటినీ భార్య అరచేతిలో పెట్టాడు.

"రబ్బరు తప్ప నేనెప్పుడూ వాడలేదే. తోలు నాని ఉబ్బితేనే సందు మూసుకుంటుందని నాకేం తెలుసు? ఆయన నోట్లో పెట్టుకునేది అందుకా? మిగతాది కుళాయిలో నీళ్లకి నానుతుందనా?"

"అంటే మిగతావి కూడా..."

"అన్నీ వాటంతటవే ఆగిపోయేవి. వంటింటిది ఒక్కటే తప్పు పోయింది. మిగతావన్నీ ఆయన సరిగ్గానే కోశాడు. నేను ముట్టుకోకుండా ఉంటే చాలు."

"వెళ్లమన్నది నేను" అందామె.

ఒక్క ప్రశ్న. ఇది ఇంకా కారుతోందేంటి మావయ్యగారూ అని ఒక్కసారి అడిగి ఉంటే, ఆయన బుగ్గలోంచి వాషరు తీసి ఒక్క ముక్కలో చెప్పేవాడు. వాళ్లు మర్యాదకు అడగలేదు. ఆయన, ప్లంబరు అల్లుడికి ఇది కూడా చెప్పాలా అని చెప్పలేదు.

ఇద్దరూ కలిసే వెనక గదిలోకి వెళ్లారు. ఆయన కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. కూతురు కింద కూర్చుని, మొదటి నుంచి చివరి దాకా ఏదీ దాచకుండా చెప్పింది. వంటింటి కుళాయి, మధ్యాహ్నాలు, తాళంచెవులు, కొత్త కట్టరు, తోలు. అల్లుడు తన కట్టరు తెచ్చి ఆయన ముందు పెట్టాడు.

"తప్పు నాది మావయ్యగారూ. మీరు కోసిన దాని మీద నేను మళ్లీ కోశాను. గట్లు పోయింది నా కోతకి."

పెద్దాయన ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. కూతురి నెత్తిన చెయ్యి వేశాడు, ఎడమచెయ్యి.

"మొదట ఉప్పన్నావు. తర్వాత అతను కల్తీ అన్నాడు. ఇప్పుడు మీ నెత్తినే వేసుకుంటున్నారా?"

"నిజం నాన్నా. ఒట్టు."

"తోలు నానితే ఉబ్బుతుందని తెలియని ప్లంబరుంటాడా తల్లీ? అబద్ధమైనా కాస్త అతికేలా చెప్పాలి."

"నాకు నిజంగా తెలీదు మావయ్యగారూ!"

"ఊరుకో బాబూ. నీ పని నేను చూళ్లేదా?" ఆయన కట్టరు అందుకుని పళ్ల మీద బొటనవేలు రాశాడు. "కొత్తది కొన్నావన్నమాట. అంటే నా వెనకాల తిరిగావు, అది నిజమే. నేను వంకరగా కోసినవి చూసి సరిచేయబోయావు. మంచి పని చేశావు. నీకంటే ముందు నేనే లోతుగా కోసేస్తే నువ్వు మాత్రం ఏం చేయగలవు? దానికి మీరిద్దరూ ఏడవడమెందుకు?"

ఎంత చెప్పినా ఆ మాట దగ్గరే ఆగాడు. ఆమె గొంతు పెంచింది. బతిమాలింది. ఆయన ఇంకా ఇంకా మెత్తబడి ఓదార్చాడు. చివరికి ఆమెకు చివరి గది తట్టింది.

"ఒకటుంది నాన్నా. మీరు తప్ప ఎవరూ ముట్టనిది. వచ్చి చూడండి. చూశాక మీరే చెప్పండి."

రానన్నాడు. మర్నాడు మళ్లీ అడిగింది. ఆ మర్నాడు, మంగలి దగ్గరి నుంచి వస్తూ, "సరే పద, నీ తృప్తి కోసం" అన్నాడు.

నర్సు తలుపు తీసి పక్కకు జరిగింది. "రండి డాక్టరుగారూ! కనబడటమే మానేశారు" అంది.

ఆయన కుళాయి ముట్టుకోలేదు. "నువ్వు విప్పు బాబూ" అన్నాడు. అల్లుడు నీళ్లు ఆపి, తల విప్పి, టార్చి పట్టుకున్నాడు. పెద్దాయన వంగి చూశాడు. తర్వాత, వద్దనుకుంటూనే, చిటికెనవేలు లోపలికి పోనిచ్చాడు. వేలు గట్టు వెంట ఒక చుట్టు తిరిగింది. ఆగి, ఇంకో చుట్టు తిరిగింది. కూతురు ఆయన మొహమే చూస్తోంది. అందులో వెలుగు రావడం ఆమెకు కనబడింది.

"ఆహా" అన్నాడాయన. "ఎక్కడా మిట్టపల్లం లేదు. ఎంత కావాలో అంతే తీశాడు. గట్టు నిండుగా ఉంది."

"అది మీ చెయ్యే నాన్నా!"

"వాషరు నాది. కోత నాది కాదమ్మా. ఇది అల్లుడి చెయ్యి."

"నేనీ గదిలో అడుగే పెట్టలేదు మావయ్యగారూ" అన్నాడు అల్లుడు. "ఇవాళే మొదటిసారి."

"అవును తాతా" అంది నర్సు. "లోపల గడియ పెట్టుకుని నేనే పడుకున్నాను."

"డ్యూటీకి వెళ్లినప్పుడు తాళం వేసుకునే వెళ్లావుగా తల్లీ? తాళంచెవి మా అమ్మాయి దగ్గరుంది. వెనకాల తిరిగామని వాళ్లే ఒప్పుకున్నారు." ఆయన అల్లుడి భుజం తట్టాడు. "ఇంత మంచి చెయ్యి పెట్టుకుని దాచుకోవడమెందుకు? మిగతావి నేను పాడుచేయకముందే నిన్ను దింపాల్సింది. నాదే పొరపాటు. బిగించెయ్యి."

అల్లుడు భార్య వైపు చూశాడు. వెనకాల తిరిగామని చెప్పింది ఆమే. తాళంచెవుల సంగతి చెప్పింది ఆమే. అతను తల దించుకుని కుళాయి బిగించాడు.

పెద్దాయన నీళ్లు వదిలి వేలు కడుక్కున్నాడు. రెండు వేళ్లతో, ఇంచుమించు తాకీ తాకనట్టు, కుళాయి కట్టేశాడు. చుక్క లేదు. నర్సు వైపు తిరిగాడు.

"గట్టిగా బిగించకమ్మా దీన్ని. మా అల్లుడు చాలా జాగ్రత్తగా చేశాడు."

నర్సు అతన్నీ, ఆమెనూ చూసింది. ఇద్దరూ ఏమీ అనకపోయేసరికి, "అలాగే తాతా" అంది.